షరీఫా కాగితం

4 ఏప్రిల్ 1993, ఆదివారం

హుజూర్‌నగర్ ఎరువుల కొట్టు వాళ్ళు ఇచ్చిన డైరీ ఇది. మూడు నెలలుగా గూట్లో ఖాళీగా పడి ఉంది. ఇవాళ షరీఫా తీసి నా ముందు పెట్టింది.

"నాయినా, నువ్వు మాట్లాడవు. దీంట్లన్న రాయి. కాయిదం దండుగ గావొద్దు" అన్నది.

నా బిడ్డ ఉన్నది ఉన్నట్టే అంటుంది. అందుకని రాస్తున్నాను.

ఎండ. రెండు పరుపులు కుట్టాం.

5 ఏప్రిల్

ఎండ. ఒక పరుపు.

11 ఏప్రిల్, ఆదివారం

ఇవాళ రాయడానికి ఉంది.

మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్ల నుంచి కబురొచ్చింది. ఒక ఇంజనీరు ఇంట్లో పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టాలని. దూదేకే విల్లు భుజాన వేసుకుని నేనూ షరీఫా బస్సెక్కాం. నేను ఏకుతాను, ఆమె కుడుతుంది. ఆమె తల్లి లాల్ బీ పోయిన ఆరేళ్ళ నుంచీ మా ఇద్దరి పని ఇదే.

ఆ ఇంట్లో ఐదేళ్ళ పాప ఉంది. మా ముఖం చూడలేదు. దూదిలోంచి రాలిన గింజలు ఏరి గచ్చు మీద వరుసగా పేర్చుకుంటూ పోతోంది. కాసేపటికి షరీఫా సూది పక్కన పెట్టి, అవతలి గోడ దగ్గర కూర్చుని, అటు నుంచి ఇంకో వరుస మొదలుపెట్టింది. గంటసేపు ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. రెండు వరుసలూ నడిమధ్యలో కలిశాయి. పాప చప్పట్లు కొట్టింది.

పాప తల్లి వంటింటి గడపలో నిలబడి చూస్తోంది. "మా పాప ఇంతసేపు ఎవరి దగ్గరా కూర్చోలేదండీ" అన్నది. పాపకు ఆటిజం అని హైదరాబాదులో డాక్టరమ్మ చెప్పిందట. రోగం కాదట, పుట్టుకతో వచ్చిన తీరట. కళ్ళలోకి చూడదు. మాట ఆలస్యం. చప్పుడైతే చెవులు మూసుకుని ఊగుతుంది. రోజూ అదే గిన్నె, అదే అన్నం. ఆమె ఒక్కొక్కటీ చెబుతుంటే షరీఫా తల వంచుకుని వింటోంది.

"ఇవన్ని నాయే" అన్నది షరీఫా. "నాకు ముప్పై ఆరేండ్లు. నాకు గూడ ఉంటదా?"

పాప తల్లి నవ్వబోయి ఆగింది. లోపలికి వెళ్ళి డాక్టరమ్మ చిరునామా రాసి తెచ్చింది.

తిరుగు బస్సులో షరీఫా కిటికీ వైపే చూస్తూ, "కాయిదం గూడ రాసిస్తరట నాయినా" అన్నది.

"కాయిదం ఎందుకు బిడ్డా?"

"పీర్లకాడికి పోకుంట."

చదివేవాళ్ళు ఎవరూ లేరు. అయినా వరుసగా రాసుకుంటే నాకే తేటపడుతుంది. మొహర్రం పదో రోజున షరీఫా మీదికి పీరు వస్తుందని ఊరి నమ్మకం. డప్పులతో మా గడపకు వస్తారు. తీసుకుపోయి, పీర్ల గుర్తులు నిలిపే పీర్ల కొట్టం ముందు కూర్చోబెడతారు. ఆమె చెవులూ కళ్ళూ మూసుకుని ఊగుతుంది. ఎంత ఊగితే అంత గట్టిగా డప్పులు కొడతారు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి అడుగుతారు. తొందరగా వదిలిపెడతారని ఆమె తొందరగా జవాబు చెబుతుంది. పోయినేడు మా ఊరి రైతు గాలయ్య, "వాన ఎప్పుడు పడ్తది తల్లీ" అంటే, "బేస్తారం. రేడియోల చెప్పిండ్రు" అన్నది. బేస్తవారం పడింది. గాలయ్య వచ్చి మా గడప మీద కొబ్బరికాయ కొట్టాడు. రేడియో అన్న మాట ఎవరికీ వినిపించలేదు.

ఏటా పదో రోజు తర్వాత మూడు రోజులు షరీఫా అన్నం ముట్టదు. దూది గదిలో పడుకుంటుంది. ముప్పై ఏళ్ళుగా ఇదే. ఈ ఏడు పదో రోజు జూలై ఒకటిన.

ఇది మొదట ఎట్లా మొదలైందో ఇక్కడ రాయాల్సిన పని లేదు.

12 ఏప్రిల్

ఎండ. రెండు పరుపులు.

26 ఏప్రిల్, సోమవారం

హైదరాబాదు పోయి వచ్చాం. డాక్టరమ్మ గది ముందు బల్లల మీద అందరూ పిల్లల తల్లులే. చీటీలు రాసే అమ్మాయి షరీఫాను అడిగింది.

"పేషెంటు పేరు?"

"షరీఫా."

"వయసెంత పాపకి?"

"ముప్పై ఆరు."

ఆ అమ్మాయి పెన్ను ఆపి నా వైపు చూసింది. నేను నా చెప్పుల వైపు చూశాను.

డాక్టరమ్మ పెద్దావిడ. కళ్ళద్దాలు, సన్నటి గొంతు. షరీఫాతో రెండు గంటలు మాట్లాడింది. నేను ఒక మూల కూర్చున్నాను.

"ఇక్కడికి పిల్లల్ని తెస్తారమ్మా. పెద్దయ్యాక ఒక ఆడమనిషి తనకు తానుగా అడుగుతూ రావడం నా దగ్గర ఇదే మొదలు" అన్నది.

"మొదలొచ్చినోల్లకు చూడరా?" అన్నది షరీఫా.

డాక్టరమ్మ నవ్వింది. షరీఫా నవ్వలేదు. నిజంగానే అడిగింది.

చివరికి నన్ను పిలిచింది. ఇది పుట్టుకతో ఉండేది కాబట్టి చిన్నప్పటి సంగతులు తెలియకుండా రాయకూడదట. "తల్లి లేరు కాబట్టి మీరే చెప్పాలి. మాటలు ఎప్పుడు వచ్చాయి? తోటి పిల్లలతో ఎట్లా ఉండేది?"

"అందరి లెక్కనే" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. కొత్తవాళ్ళ ముందు నా నోట్లోంచి వచ్చే మాట ఎప్పుడూ అదే.

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది. "అందరి లెక్కనే అయితే నేను కాగితం రాయలేను" అన్నది. జూన్ పద్నాలుగున మళ్ళీ రమ్మంది. చిన్ననాడు చూసినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే తీసుకురమ్మంది.

బస్సులో షరీఫా అడిగింది. "నాయినా, నేను అందరి లెక్కనే ఉంటినా?"

సూర్యాపేట దాకా నేను మాట్లాడలేదు. సూర్యాపేట దాటాక కూడా మాట్లాడలేదు.

27 ఏప్రిల్

ఎండ. రేపు షరీఫాకు చెబుతాను.

28 ఏప్రిల్

ఎండ. రెండు పరుపులు. పెళ్ళిళ్ళ పని మీద పడింది. రేపు.

30 ఏప్రిల్

పని. రేపు.

9 మే, ఆదివారం

చెప్పడానికి నోరు రావడం లేదు. డాక్టరమ్మకు చెప్పాల్సినవి ఇక్కడ రాసుకుంటే, ఆ రోజు చూసి చదవొచ్చు.

షరీఫా నాలుగేళ్ళ దాకా మాట్లాడలేదు. ఏడిస్తే ఎవరు ఎత్తుకున్నా ఊరుకునేది కాదు, లాల్ బీ ఎత్తుకున్నా సరే. నేను విల్లు తీసి నారి మీద ఒక దెబ్బ వేస్తే ఊరుకునేది. ఆపితే మళ్ళీ ఏడుపు. ఏకడానికి దూది లేని రోజుల్లో కూడా నేను ఉత్త విల్లు మీటుతూ కూర్చునేవాణ్ణి. దారిన పోయేవాళ్ళు, "ఖాదరు గాలిని ఏకుతాండు" అని నవ్వేవారు. ఆ పని నాకూ ఇష్టంగానే ఉండేది.

పక్కింటి గోపమ్మ వస కొమ్ము అరగదీసి బిడ్డ నాలుకకు రాసేది. మాటలు రావాలని. రాలేదు.

ఒకరోజు వాకిట్లో దూది ఆరబోసి లోపల పని చేసుకుంటున్నాను. షరీఫా వచ్చి నా మోకాలి ముందు నిలబడి, "దూది తడిసింది" అన్నది. బయట వాన. అదే మొదటి మాట. అమ్మ అనలేదు, నాయిన అనలేదు. లాల్ బీ ఇల్లంతా తిరుగుతూ నవ్వింది. దూదిని మేమిద్దరం మరిచిపోయాం. అంతా తడిసింది.

ఇవన్నీ నాకు తెలుసు. అందరి లెక్కనే అని ఎట్లా అన్నాను?

10 మే

ఎండ. ఒక పరుపు. గోపమ్మకు ఒక బొంత.

23 మే, ఆదివారం

అది కూడా రాయక తప్పేట్టు లేదు.

షరీఫాకు ఆరేళ్ళు. మొహర్రం పదో రోజు. నేను ఎత్తుకుని పీర్ల దగ్గరికి పోయాను. అందరూ పోతారు కదా. నిప్పుల గుండం చుట్టూ ఆట, ఒక్కసారిగా డప్పులు. బిడ్డ నా చేతుల్లోంచి జారి కింద పడి, చెవులు మూసుకుని గుడ్లు తేలేసి అరిచింది. ఊగింది. జనం చుట్టూ చేరారు. దయ్యం పట్టిందన్నారు. కొడితే గాని పోదన్నారు. నలుగురైదుగురు వేప మండలు విరుచుకొచ్చారు.

వద్దు అనాలి. నాకు నలుగురి ముందు మాట రాదు. మొదటి మండ లేచింది. అప్పుడు నా నోట్లోంచి ఒకే ఒక మాట వచ్చింది.

"పీరు" అన్నాను.

మండలు ఆగిపోయాయి. ఒకడు కింద పడేసి దండం పెట్టాడు. తర్వాత అందరూ పెట్టారు. ఆడవాళ్ళు వచ్చి బిడ్డ కాళ్ళకు నీళ్ళు పోశారు. ఒక్క దెబ్బ పడలేదు.

ఆ రోజు నన్ను నేను ఎంత మెచ్చుకున్నానో చెప్పలేను. నేను చేసిందేమిటో మరుసటి ఏడు జనం డప్పులతో గడపకు వచ్చినప్పుడు తెలిసింది. అప్పటికి ఆ మాట నాది కాదు, ఊరిది.

లాల్ బీకి కూడా చెప్పలేదు. ఆమెకు తెలుసేమో.

24 మే

ఎండ. రెండు పరుపులు. షరీఫా డైరీ వైపు చూసి, "శాన రాస్తున్నవు నాయినా" అన్నది. చదవలేదు. ఒకరిది చదవకూడదని చిన్నప్పుడు లాల్ బీ చెప్పింది. ఒకసారి చెబితే చాలు షరీఫాకు.

8 జూన్

మొదటి వాన. షరీఫా దూది ముందే లోపల పెట్టింది.

13 జూన్

రేపు గోపమ్మ మాతో హైదరాబాదు వస్తానంటున్నది. షరీఫాకు మంత్రసాని ఆమే. "నేను పుట్టిచ్చిన బిడ్డ గురించి ఆ డాక్టరమ్మకు నేను చెప్పక ఎవరు చెప్తరు? నీకు నోరున్నదా అన్నా? నాకు మోకాలు సుత చూపెట్టుకునేది ఉన్నది" అన్నది. మోకాలు చూసే డాక్టరు కాదని షరీఫా మూడుసార్లు చెప్పింది.

14 జూన్, సోమవారం

ఇంత పొడుగు రోజు నా బతుకులో లేదు.

గోపమ్మ కోదాడ నుంచి హైదరాబాదు దాకా మాట్లాడింది. అప్పట్లో ఆ వస కొమ్ము ఎవరికి పనిచేసిందో బస్సులో అందరికీ తెలిసింది. షరీఫా చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంది. మా ఇంట్లో దూదికి కొదవ లేదు.

డాక్టరమ్మ గదిలో గోపమ్మ ముందే కుర్చీలో కూర్చుంది.

"ఈ పిల్ల మామూలు పిల్ల గాదు డాక్టరమ్మా. పీరు బిడ్డ. కానుపు నాడే నాకు ఎరుకైంది. పుట్టంగనే ఏడ్వలే, పైన దూలం దిక్కు చూసింది. గందుకే మాట రాలే. దేవుని మాట వచ్చేటోల్లకు మన్సుల మాట ఆలిశమే గద."

"పీరు బిడ్డ అని ఎప్పటి నుంచి అంటున్నారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఆరేండ్లప్పటి సంది. పదో నాడు గుండం కాడ పీరు మీదికొచ్చింది. ఊరంత చూసిండ్రు."

డాక్టరమ్మ రాసుకుంటోంది. "దయ్యం అనొచ్చు, జబ్బు అనొచ్చు. పీరు అని ముందు అన్నది ఎవరు?"

గోపమ్మ నోరు తెరిచి మూసింది. ఆమె అట్లా మూయడం నేను ఎప్పుడూ చూడలేదు. "ఎవరో అన్నరు" అన్నది.

సంచిలోంచి డైరీ తీశాను. కళ్ళద్దాలు ఇంటి దగ్గరే మరిచిపోయాను. అక్షరాలు అలికినట్టు కనిపించాయి. డైరీ మూసేశాను.

"నేను" అన్నాను.



"వేప మండలు పట్టుకొచ్చిండ్రు. కొడ్తరని నేనే పీరు అన్న. పీరు రాలే. డప్పులకు భయపడ్డది, అంతే. పసితనంల సుత గంతే. విల్లు చప్పుడుకు ఊకునేది, డప్పు చప్పుడుకు ఏడ్చేది. నాలుగేండ్లకు మాటొచ్చింది. దూది తడిసింది అన్నది."

ఇంకా చెప్పాను. గింజలు పేర్చడం, ఒకే గిన్నె, చూపు, అన్నీ. నా గొంతు నాకే కొత్తగా ఉంది. గోపమ్మ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. షరీఫా వైపు నేను చూడలేదు.

డాక్టరమ్మ చాలాసేపు రాసింది. తర్వాత కాగితం షరీఫా చేతికిచ్చింది. పైన ఇంగ్లీషు. కింద తెలుగులో, అందరికీ అర్థమయ్యేట్టు: ఈమెకు ఉన్నది ఆటిజం. పుట్టుకతో వచ్చిన తీరు. పెద్ద చప్పుళ్ళు, గుంపులు ఈమెను బాధిస్తాయి. వాటి దగ్గర బలవంతంగా కూర్చోబెట్టకూడదు.

"మందు లేదా?" అని అడిగింది షరీఫా.

"లేదు. అక్కర్లేదు."

"మంచిగున్నది" అన్నది. కాగితాన్ని రెండు అట్టల మధ్య పెట్టి సంచిలో దాచింది.

"మోకాలికి?" అన్నది గోపమ్మ.

బస్సులో గోపమ్మ నిద్రపోయింది. నేను షరీఫా పక్కన బిగుసుకుని కూర్చున్నాను. నార్కట్‌పల్లి దగ్గర ఆమె చెవుల్లోంచి దూది తీసింది.

"నాకు పీరు రాలేదని నాకెప్పుడు ఎరుకే నాయినా" అన్నది. "నువ్వు వచ్చిందనుకుంటున్నవని, నీ మనసు నొస్తదని నేను చెప్పలే."

"నీకు కోపం రాలేదా బిడ్డా?"

ఆలోచించింది. "ఆనాడు మంచి పని చేసినవు. తర్వాత చెప్పకపోవుడు తప్పు. రెండు వేరేవేరే" అన్నది.

కాసేపటికి, "ఊర్ల గూడ నువ్వే చెప్పాలె. కాయిదంల ఆ సంగతి లేదు" అన్నది.

15 జూన్

వాన. పని లేదు. కాగితాన్ని ఉదయం నుంచి తొమ్మిదిసార్లు చదివింది. ప్రతిసారీ చివర్లో తల ఊపింది.

20 జూన్, ఆదివారం

మొహర్రం ఏర్పాట్లకు పీర్ల కొట్టం దగ్గర పెద్దమనుషులు కూర్చున్నారు. కొట్టం చూసుకునేది లియాఖత్ అలీ. డప్పుల ఇస్రాయేలు కూడా ఉన్నాడు. షరీఫా కాగితం చదివి వినిపించింది, ఇంగ్లీషు కూడా వదలకుండా, అక్షరాలు కూడబలుక్కుంటూ.

"చదువుకున్నోల్లు మంచిగనే రాసిండ్రు. కాని డాక్టరమ్మకు పీర్ల సంగతి ఏం ఎరుక?" అన్నాడు లియాఖత్ అలీ. "పీరు ఎవరి మీదికి వస్తడో కాయిదం చెప్తదా?"

నేను లేచాను.

"పీరు రాలేదు. పీరు అన్నది నేను."

అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"పీర్ల పేరు మీద అబద్ధమాడినవా ఖాదర్ చాచా?" లియాఖత్ అలీ ముఖం ఎర్రబడింది.

"ఆడిన."

"ఎందుకు?"

"వేప మండలు పట్టుకొచ్చిండ్రు. ఒకటి నీ చేతుల ఉండె."

అప్పుడు లియాఖత్ అలీకి ఇరవై ఏళ్ళు. ఆయన తన చేయి చూసుకున్నాడు.

గాలయ్య నా దగ్గరికి జరిగాడు. "మరి పోయినేడు వాన పడె గద?"

"రేడియో" అన్నది షరీఫా.

"అంతకు ముందేడు నా ఎద్దు?"

"నీ ఎద్దు కుంటుతుండె. ఎవలకన్న కనిపిస్తది. అమ్మమన్న."

"అయితే ఇన్నేండ్ల సంది నేను కొబ్బరికాయలు రేడియోకు కొట్టిన్నా?" అన్నాడు గాలయ్య. ముందు ఇస్రాయేలు నవ్వాడు. తర్వాత అందరూ. లియాఖత్ అలీ మాత్రం నవ్వలేదు.

ఇస్రాయేలు నవ్వు ఆపి షరీఫా వైపు తిరిగాడు. "అమ్మా, మీ గడప ముందట మేం జర ఎక్కువనే కొట్టేటోల్లం. మా నాయిన చెప్పిపోయిండు, గా ఇంటి ముందట పీరుకు డప్పు ఇష్టమని. ఒక్క మాట చెప్తే ఆపకపోదుమా?"

"నన్ను ఎవలు అడగలే" అన్నది షరీఫా. "అందరు వాన గురించే అడిగిండ్రు."

లియాఖత్ అలీ లేచి ఏమీ తేల్చకుండానే ఇంటికి వెళ్ళిపోయాడు.

22 జూన్

మొహర్రం మొదలైంది. వాన జల్లు.

25 జూన్

లియాఖత్ అలీ కబురు లేదు. షరీఫా రోజుకు ఒకసారే అడుగుతుంది, పొద్దున లేచాక. "ఇంక చెప్పలే" అంటాను. మళ్ళీ మరునాడు.

29 జూన్

కబురు లేదు. పదో నాడు డప్పులు గడపకు వస్తే తలుపు తీయనని చెప్పాను. నేను ఆ మాట అన్నానా అని నాకే అనుమానం. అన్నాను.

1 జూలై, గురువారం

సాయంత్రం నాలుగింటికి ఊరేగింపు మా వీధి మొదట్లోకి వచ్చింది. షరీఫా దూది గదిలోకి వెళ్ళింది. నేను తలుపుకు గడియ వేసి అరుగు మీద కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఆ జనంలో నేను లేకపోవడం ఇదే మొదలు. లేకపోతే ఏమీ కాలేదు. హాయిగా ఉంది.

డప్పులు దగ్గరికొచ్చాయి. మలుపులో ఆగిపోయాయి. ఆగి కొట్టడం కాదు, పూర్తిగా ఆగిపోయాయి. ఇస్రాయేలు వాళ్ళు డప్పులు చంకలో పెట్టుకుని నడిచి వస్తున్నారు. ముందు లియాఖత్ అలీ పెద్ద పీరును ఎత్తుకుని ఉన్నాడు. వెనక ఊరంతా. ఊద్ పొగ, తడి మట్టి మీద కాళ్ళ చప్పుడు, అంతే. ఎవరో పిల్ల ఏడవబోతే తల్లి నోరు మూసింది.

నేను గడియ తీశాను. షరీఫా గడపలోకి వచ్చి నిలబడింది. చెవుల మీద చేతులు ఉన్నాయి. మెల్లగా దించింది. పీర్లను ఒక్కొక్కటే చూసింది, తన ఇష్టం వచ్చినంతసేపు. ఊరంతా ఆగింది.

"గింత దగ్గర నుంచి నేనెప్పుడు చూడలే" అన్నది. "కండ్లు మూసుకునే ఉంటి."

గాలయ్య ఉండబట్టలేక ముందుకొచ్చాడు. గొంతు బాగా తగ్గించాడు. "ఒక్కటే ఒక్కటి, తల్లీ. మా చిన్నదానికి కోదాడ సంబంధం వచ్చింది. చెయ్యాల్నా వద్దా?"

"నీ బిడ్డను అడిగినవా?" అన్నది షరీఫా.

గాలయ్య బుర్ర గోక్కున్నాడు. అడగలేదు. అలవాటు కొద్దీ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, "పీరు చెప్పిండు" అన్నాడు.

ముందున్న లియాఖత్ అలీ పీరుతో సహా వెనక్కి తిరిగాడు.

"పీరు గాదు. షరీఫా చెప్పింది" అన్నాడు. "ఇంటికి పోయి బిడ్డను అడుగు. నడువు."

అందరూ నడిచారు. వీధి చివర మలుపు తిరిగాక డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. అప్పటికి మా బిడ్డ లోపలికి వచ్చి, పొయ్యి మీద ఎసరు పెట్టి, నాకు ఎన్ని గిద్దెల బియ్యం పోయాలని అడుగుతోంది. ఈ రాత్రి తనూ తింటుందట.